ముప్పై రెండు లోడుని ఒంటి చేత్తో దించింది ఎవరనుకున్నారు

అందరూ గ్రూపులోకి రండి. అక్క రైల్లో ఉంది, సిగ్నల్ వచ్చినప్పుడు చదువుకుంటుంది. బావా, ఆఫీసులో ఉన్నా పర్లేదు, ఫోన్ టేబుల్ కింద పెట్టుకుని చదువు. ఇవాళ అక్క చెప్పుల షాపు వెబ్‌సైట్‌ని కాపాడింది ఎవరో తెలుసా? నేనే. సెలవులు మొత్తం ఆ సైట్ నడిపే సర్వర్ నా చేతికిస్తుందో లేదో అక్క సాయంత్రంలోగా చెప్తానంది కదా, ఇది చదివాక ఇంక ఆలోచించేదేం ఉండదు.

ఏం జరిగిందంటే, అక్క వెళ్తూ వెళ్తూ పాస్‌వర్డ్ ఇచ్చి, ఊరికే చూస్తూ ఉండు, ఏదీ ముట్టుకోకు అంది. సరే అని షాపు వెనక గదిలో సర్వర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. డిస్కౌంట్ మొదలైంది, జనం సైట్ మీద పడ్డారు. లోడ్ యావరేజ్ చూశా. నీకు తెలీదు కాబట్టి చెప్తున్నా చెల్లీ, ప్రాసెసర్ల దగ్గర పని చేయించుకునేవాళ్లూ, లైన్లో నిలబడ్డవాళ్లూ, అందరూ కలిపి ఒక అంకె అన్నమాట. మనింట్లో డొక్కు కంప్యూటర్‌లో అది ఒకటి దాటితే మౌస్ కూడా కదలదు. ఇక్కడెంతో తెలుసా? ముప్పై రెండు.

చెల్లి: అమ్మో. పేలిపోదా అన్నయ్యా?

నేను లేకపోతే పేలేదే. ఫ్యాన్ ఎలా తిరిగిందంటే, గోడకున్న క్యాలెండర్ జెండాలా అడ్డంగా ఎగురుతోంది, నేను టేబుల్ కాలు పట్టుకుని వేలాడుతున్నా.

బావ: కుర్చీలో కూర్చున్నా అన్నావుగా.

కుర్చీ అప్పటికే వీధిలోకి ఎగిరిపోయింది బావా, మధ్యలో అడ్డం రాకు. ఆ వేడికి పక్క షాపు టైలర్ ఇస్త్రీపెట్టె తెచ్చి, సర్వర్‌కి ఆనించి వేడెక్కించుకుని థాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చొక్కా చేతులు పైకి మడిచి కీబోర్డ్ ముందుకొచ్చా. నేను కొట్టే స్పీడుకి అక్షరాలు స్క్రీన్ మీదకి ఎక్కలేక ఆయాసపడ్డాయి. ప్రాసెసర్లన్నిటికీ హాజరు తీసుకున్నా. ఒకడు కునుకు తీస్తున్నాడు, వాడి చెవి మెలిపెట్టా. కేబుల్ లోపల జనం తోసుకుంటుంటే, కేబుల్‌ని తిన్నగా సాగదీసి ఒకళ్ల వెనక ఒకళ్లని నిలబెట్టా. అంతే, అంకె దిగడం మొదలు. ఇరవై, పది, రెండు, సున్నా.

బావ: పాపం, సున్నా దగ్గరే ఆగిపోయిందా?

ఎందుకాగుతుంది, మైనస్ నాలుగు. ఉన్న పనంతా అయిపోయి, సర్వర్ ఖాళీగా ఉండలేక రేపటి ఆర్డర్లు కూడా ఇవాళే పంపించేసింది. ఒకాయన చెప్పులు కొనాలని ఇంకా అనుకోనే లేదు, గుమ్మం ముందు జత ఉంది. సైజు కూడా కరెక్ట్. అయినా పని చాలట్లేదని ఎదురు మందుల షాపు లెక్కలు కూడా మన సర్వరే చేసిపెట్టింది.

అక్క: సిగ్నల్ వచ్చింది, మొత్తం చదివా. హాజరు తీసుకున్నావు కదా, ప్రాసెసర్లు ఎన్నిరా?

ముప్పై రెండు అక్కా. ఒక్కొక్కడూ నా పేరు చెప్తే లేచి నిలబడతాడు.

అక్క: ముప్పై రెండు మంది పనివాళ్లు, ముప్పై రెండు పనులు. తలా ఒకటి. మరి లైన్లో ఎవరున్నారు?

బావ: ఏరా, మరి కేబుల్‌లో ఒకళ్ల వెనక ఒకళ్లని నిలబెట్టింది ఎవర్ని?

అక్క: లైన్లో ఎవరూ లేరు. అప్పటిదాకా సైట్ హాయిగానే నడిచింది. అప్పుడు నువ్వేం నొక్కావు?

అంటే అక్కా, సైట్‌ని ఒకసారి ఆపి మళ్లీ మొదలెట్టా. మొదలవడానికి అదే కాస్త బద్ధకించింది.

అక్క: షట్టర్ దించేసి, చూడండి షాపులో తోపులాట లేదు అన్నట్టుంది. ఆపేస్తే సున్నా రాక ఇంకేం వస్తుందిరా? సైట్ తెరుచుకోవట్లేదని నాకు రైల్లో ఒకటే ఫోన్లు. పాస్‌వర్డ్ మార్చేశా. ఫోన్ చేసినవాళ్ల నంబర్లన్నీ నీకు పంపిస్తున్నా. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి, సైట్ ఎందుకు ఆగిందో నువ్వే చెప్పు. ఇస్త్రీపెట్టె లేకుండా చెప్పు.