మధ్యాహ్నం మూడింటికి వెతికేవాళ్లు

రెండువేల తొమ్మిది, శ్రావణమాసం. ఢిల్లీ ద్వారకలో మూడో అంతస్తు ఇల్లు. ఛాయాదేవి కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతోంది గానీ, ఆవిడ మనసంతా కంప్యూటరు ముందు కూర్చున్న మనవడు విష్ణువర్ధన్ మీదే ఉంది.

"ఉద్యోగమిస్తానన్న ఆ కాలేజీ ఆయనకి ఫోను చేశావా లేదా, అది చెప్పు ముందు."

"చేస్తాను అమ్మమ్మా. నాలుగింటిదాకా టైముంది. నువ్వొకసారి ఇటు చూడు."

"అందులో నాకేం కనపడుతుందిరా, చీమలబారు తప్ప!"

"చీమలు కాదు, జనం. గూగుల్లో ఏ మాట కొట్టి మన తెలుగు క్లాసు సైటుకొచ్చారో, ఆ మాటలు. ఇదిగో, 'తెలుగు పాటలు'. ఇది కొట్టినవాడికి మనతో పనిలేదు. పాట వింటాడు, పోతాడు. 'తెలుగు అక్షరాలు ఎన్ని'. వీడెవడో పరీక్షకి చదువుతున్నాడు. ఇప్పుడిది చూడు. 'ద్వారకలో పిల్లలకు తెలుగు క్లాసు'. ఇది ఎవరు కొడతారు?"

"ఎవరు కొడతారు?"

"నన్నే అడుగుతావేం? బిడ్డని పంపాలనుకునే తల్లి కొడుతుంది. ఊరు చెప్పింది, పిల్లలంది, క్లాసంది. మాటని బట్టి మనసు తెలిసిపోతుంది. నోయిడాలో మూడేళ్లు నేను చేసిన ఉద్యోగం ఇదేగా."

"ఆ ఉద్యోగంలోంచేగా తీసేశారు."

"నన్నొక్కణ్ణేనా? సగం ఫ్లోరు ఖాళీ చేశారు! అది వదిలెయ్. రోజుకి ఎంతమంది కొడుతున్నారో తెలుసా ఈ మాట?"

"ఎంతమందో... పద్నాలుగు మందేమో."

"పద్నాలుగే! ఎలా చెప్పావు?"

"నోటికొచ్చింది చెప్పాను. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రిలో మీ అమ్మ మంచం నెంబరు పద్నాలుగు. కిటికీ పక్కది. ఆ కిటికీకి రెక్క లేదు, రాత్రంతా నా కొంగే అడ్డం పెట్టాను—"

"అమ్మమ్మా, విను. పద్నాలుగు వేరువేరు కంప్యూటర్లు. నెల్రోజుల్నుంచి, ఆదివారం తప్ప రోజూ. అదీ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు లోపు. ఎందుకో చెప్పు?"

"ఎందుకేమిటి, ఏదో ఒకందుకు."

"స్కూలు బస్సు వచ్చే వేళ. పిల్లాడు దిగీ దిగగానే 'మమ్మీ, భూఖ్ లగీ హై' అని ఆకలి కూడా హిందీలోనే చెబుతాడు. తల్లికి కలుక్కుమంటుంది. ఇంట్లోకొచ్చి ఈ మాట కొడుతుంది."

"కొట్టి ఏం చేస్తోంది?"

"చూసి వెళ్లిపోతోంది. ఐదు సెకన్లు."

"ఐదు సెకన్లలో ఏం చూస్తుందిరా?"

"మన ఇంటి ఫోను నెంబరు రాసుకోదూ!"

"ఒక్కత్తయినా ఫోను చేసిందా నీకు?"

"ఆలోచించుకుంటున్నారు. దసరా అయ్యాక అందరూ ఒకేసారి వస్తారు చూడు."

"నేనడిగింది చేసిందా అని."

"లేదు. చాలా? మనసు లేకపోతే రోజూ ఎందుకొస్తారు? వీళ్లనొదిలి గ్రేటర్ నోయిడా బస్సెక్కి, ఆ కాలేజీ ల్యాబులో హాజరు పిలుస్తూ కూచోనా?"

"కూచోరా నాయనా. నెలకొక జీతం, వేళకింత తిండి. క్లాసు ఎక్కడికి పోతుంది, ఆదివారాలు చెప్పుకో."

"కుదరదు. ఇప్పుడే చెప్పేస్తాను."

"ఆగు. ఒరేయ్, ఆగరా, నీకో మాట—"

"ష్... హలో సర్, విష్ణువర్ధన్. జీ సర్..."

"విష్ణూ! పెట్టెయ్ ఆ ఫోను!"

"...నహీ సర్, జాయిన్ నహీ కర్ పావూంగా. జీ, కిసీ ఔర్ కో దే దీజియే. థాంక్యూ సర్... ఆ, అయిపోయింది. చేరలేనన్నాను. లిస్టులో నా తరవాతతన్ని ఇప్పుడే పిలుస్తారట. ఏదో మాటన్నావు, ఏమిటది?"

"ఏం లేదు."

"అమ్మమ్మా."

"ఈ బెండకాయలన్నీ ముదురే. ఆ మార్కెట్ భయ్యా నన్ను చూస్తేనే ముదురువి ఏరి ఇస్తాడు."

"అమ్మమ్మా, చెప్పు."

"నువ్వే అన్నావు గదరా, ఎవరితోనో. పదిమంది ఆ మాట కొట్టి మన పేరు మీద నొక్కితే చాలు, సైటు పైకొస్తుందని. అప్పటికి నువ్వు అన్నం మానేసి పదిరోజులు. చూడలేకపోయాను. మా లలితా పారాయణం వాళ్లకి చెప్పాను. పార్వతమ్మగారి కోడలు ఆ మాట ఇంగ్లీషులో కాగితాల మీద రాసి పంచింది. మూడింటికి పారాయణం అవుతుంది. ఎవరిళ్లకి వాళ్లు వెళ్లి..."

"ఎంతమంది మీరు?"

"ఆదివారం పారాయణం ఉండదురా."

"ఎంతమంది?"

"పద్నాలుగు."

"ఆ పద్నాలుగు కంప్యూటర్లూ మీవేనా!"

"మావేరా. తిట్టయినా తిట్టు."

"నెల్రోజులుగా నేను తల్లుల మనసు చదువుతున్నాననుకున్నాను."

"మళ్లీ చెయ్యరా ఆయనకి. కాళ్లావేళ్లా పడదాం."

"ఇంకొకళ్లకి ఇచ్చేసుంటారు... ఉండు. ఇక్కడ గుర్‌గావ్ నుంచి ఒకరు కనిపిస్తున్నారు. అక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరు. అంతా ఈ సెక్టారువాళ్లే."

"అయితే ఈవిడ నిజం. చూడు, బుధవారం పొద్దున. 'పాప నాన్నమ్మతో మాట్లాడాలంటే తెలుగు ఎలా నేర్పాలి', అని కొట్టింది. తొమ్మిది నిమిషాలుంది. అన్ని పేజీలూ చదివింది. ఈవిడొక్కత్తి చాలు, ఒక్క పాపతోనైనా మొదలుపెడతాను. ఫోను చేస్తుంది, చూస్తూండు."

"బుధవారమంటే... నువ్వు గుడి దగ్గర క్లాసు కాగితాలు పంచడానికి వెళ్లిన రోజా?"

"ఆ. ఏం, వచ్చిందా ఫోను?"

"ఎవరో ఆడగొంతు. మెత్తగా మాట్లాడింది. పాపని ఎప్పుడు తీసుకురమ్మంటారండీ అంది."

"నువ్వేమన్నావు?"

"పారాయణంలో కొత్తగా చేరినావిడేమో, సంగతి అర్థంకాక అడుగుతోందనుకున్నానురా. తీసుకురానక్కర్లేదమ్మా, క్లాసూ లేదు ఏమీ లేదు, మావాడి మనసు కోసం రోజూ ఓసారి నొక్కితే చాలు అని చెప్పి పెట్టేశాను."