మెట్లు లేని మినార్

ఎనభై మూడులో జహీరాబాద్‌లో కొత్త మసీదు లేచింది. పక్కనున్న పాత సున్నపు మినార్‌ను కూలగొట్టడానికి వచ్చిన మాణిక్ మేస్త్రీ, గడ్డపార నేలకానించి కొత్త మినార్‌ను తలెత్తి చూశాడు.

"ఏం సక్కగున్నది ఇంజనీర్ సాబ్! దుబాయ్ క్యాలెండర్ల బొమ్మ దిగొచ్చి నిలవడ్డట్టే ఉన్నది."

"మోడ్రన్ డిజైన్, మేస్త్రీ. నీ బెల్లం, కరక్కాయ కలిపిన సున్నంతోని అయ్యేదేనా ఇది?"

"యాడైతది సాబ్! మా తాతలకు గింత తెలివి యాడిది? మినార్ కట్టి లోపల మెట్లు గూడ పెట్టిన్రు, పిచ్చోళ్లు. మీ దాంట్ల మెట్లు ఏ దిక్కున్నయ్?"

"మెట్లెందుకు? ఇప్పుడు పైకెక్కి అజాన్ ఎవరిస్తరు? కింద మైక్ పట్టుకుంటే పైన హారన్ మోగుతది. చిరాగ్‌పల్లి దాకా ఇనొస్తది."

"బహుత్ అచ్ఛా. మరి హారన్ ఇంక కిందనే ఉన్నదేంది?"

"పరంజా ఉన్నప్పుడే బిగియ్యాల్సింది. మరిచిపోయి విప్పేసిన్రు."

"ఫికర్ జేయకున్రి. మోడ్రన్ హారన్ గద, అదే ఎగిరిపోతది."

ఇంజనీరు నున్నటి సిమెంటు మినార్‌ను కిందినుంచి పైదాకా చూశాడు. గొంతు తగ్గించాడు.

"రేపు జుమ్మా నమాజు. ఊరంతా వస్తది. జర ఏదన్న ఉపాయం చెప్పున్రి, మేస్త్రీ సాబ్."

మాణిక్ గడ్డపార గోడకు ఆనించాడు. హారన్‌ను భుజానికెత్తుకుని పాత మినార్ మెట్లెక్కాడు. పైన దాన్ని తాడుతో బిగించి, కిందికి వంగి కేకేశాడు.

"సాబ్! దీన్ని కూలగొట్టుడు ఎప్పుడు షురూ జేద్దాం?"

మైక్ లేకుండానే ఆ మాట బజారంతా వినబడింది, ఒక్క ఇంజనీరుకు తప్ప.