దొర్లని లారీ

ఆగాగు! పోయకురా ఆ నీళ్లు! కాలిన బ్రేకు డ్రమ్ము మీద చన్నీళ్లు పడితే టప్పుమని పగుల్తుంది. దానంతటదే చల్లారుద్దిలే, రా, ఇలా కూచో. సబీనక్క ఉండుంటే ఈపాటికి ఆ బకెట్టు నీ నెత్తి మీదుండేది. ఎవరా? అవున్లే, నువ్వప్పటికి పుట్టలేదుగా. అదిగో, ఆ రేకుల షెడ్డున్న చోట ఆవిడ కాఫీ హోటలు. మొగుడు పోయిన మనిషి. కాఫీ, చిక్కుడుగింజలు, పంది ఎముకల పులుసు, అంతే వంట. కొండ మీంచి బాగియో సంతకి దిగే క్యాబేజీ లారీలన్నీ అక్కడ ఆగాల్సిందే.

నేనప్పుడు కాల్సెన్ మావ లారీ నడిపేవాణ్ణి. ముసలి బండి, నాకంటే పెద్దది. దానికో వింత గుణం పట్టుకుంది. ఏ వాలులో ఆపినా దొర్లేది కాదు. మిగతావాళ్లు చక్రాల కింద రాళ్లు పెట్టడానికి పరిగెడుతుంటే, మావ వక్క నములుతూ, "చూశార్రా నా బండి బుద్ధి! మా ఆవిడ కూడా ఇంతలా మాట వినదు" అనేవాడు. ఎత్తెక్కాలంటే మాత్రం దున్నపోతులా రొప్పేది. ఇంజనుదే తప్పని రెండుసార్లు విప్పించాడు కూడా. ఇంకోటేంటంటే, వెనక చక్రాల మీదుండే క్యాబేజీ సంత చేరేసరికి వడిలి వేలాడిపోయేది. "ఉప్పు కూడా చల్లి తీసుకురండయ్యా" అని వ్యాపారుల ఎగతాళి!

మేమాగితే చాలు, ఏదో కమురు వాసన తగిలినట్టు సబీనక్క ముక్కు ఎగబీల్చేది. ఓసారి గరిటె పక్కన పెట్టొచ్చి, జొరమొచ్చిన పిల్లల్ని చూసినట్టు చక్రాలన్నిటి దగ్గరా చెయ్యి తిరగేసి పెట్టి చూసింది. "ముందువి గోరువెచ్చన, వెనకవి పెనాలు. నీ బ్రేకు పట్టిందాన్ని వదలట్లేదు మావా" అంది. "నువ్వు గింజలుడకబెట్టుకోవమ్మా" అన్నాడు మావ. "నీ చక్రం మీదే పెడతాలే, కట్టెలు మిగుల్తాయి" అంది. పొలమారి కాఫీ నా ముక్కులోంచి వచ్చింది.

వారం తిరక్కుండానే, ఈ మలుపు పైనే, మిట్టమధ్యాహ్నం, బ్రేకు తొక్కితే కాలు బురదలో దిగబడ్డట్టు పోయింది. మావ ముందు తాతముత్తాతల్ని పిలిచాడు, తర్వాత మేరీమాతని, ఆ తర్వాత నన్ను తిట్టాడు. నేను కళ్లు మూసుకుని బండిని గట్టుకి రాసేశా. ఆగింది. క్యాబేజీలు మాత్రం ఆగలేదు, మాకంటే ముందే హోటలు చేరాయి.

సబీనక్క వచ్చి, "బతికున్నారుగా? కాఫీ తాగండి. చల్లారేదాకా బండి ముట్టుకోకండి" అంది. చల్లారాక పావడా ఎగ్గట్టి, గోనెపట్టా పరుచుకుని, రెంచీతో కిందకి దూరింది. "ఆడదానివి, నీకేం తెలుసు?" అన్నాడు మావ. "నీకేం తెలుసో ఆ గట్టునడుగు" అని లోపల్నించి జవాబు! వెనకభాగం జాకీ మీద లేపి చక్రం తిప్పమంది. నేను దాన్ని పట్టుకు వేలాడినా కదల్లేదు. వెనక ఇరుసుకి బ్రేకు నూనె తీసుకెళ్లే రబ్బరు పైపుంటుంది చూడు, మొదట దానికి ముందువైపు బిగింపు వదులు చేసింది. రెండు చుక్కలు కారాయి, చక్రం అలాగే బిగుసుకునుంది. మళ్లీ బిగించి, వెనకవైపుది వదులు చేసింది. ఫిస్సుమని చిమ్మింది నూనె, వంగి చూస్తున్న మావ మొహం మీదే! చక్రం గిర్రున తిరిగింది.

ఆ పైపు ఊడబీకి కత్తితో చీల్చింది. పైకి నిగనిగ, లోపల వాచిపోయి సూది దూరేంత సందు. "నువ్వు బలంగా తొక్కితే నూనె పోద్ది, కాలు తీస్తే వెనక్కి రాదు. మా ఆడపడుచు పట్టుకెళ్లిన గిన్నెల్లాగా" అంది. మావే ముందు నవ్వాడు. "బ్రేకు అలా పట్టుకునే ఉండి, కాగి కాగి నూనె మరిగింది, ఇక తొక్కితే కాలు దిగబడదా మరి" అంది అక్క. "ఎవరు నేర్పారే నీకిదంతా?" అనడిగాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మా ఆయన లంగ్బిస్ బండిని లోయలోంచి ముక్కలుగా మోయించుకొచ్చా. ఆ వానాకాలమంతా చాప మీద పరుచుకుని ఒక్కోటీ విప్పి చూశా. మెకానిక్కులందర్నీ అడిగా. తాగి పడ్డాడన్నారుగా మా ఆయన. తాగలేదని నాకు తెలుసు. మరెందుకు పడ్డాడో తెలియాలిగా" అంది. ఆ చీల్చిన పైపు చూపించి, "ఇదే" అంది. మావ టోపీ తీసేశాడు.

తాగి పడ్డాడన్నవాళ్లలో నేనూ ఉన్నారా. ఎక్కడన్నానో తెలుసా, ఆవిడ బల్ల దగ్గరే, ఆవిడ పోసిన కాఫీ తాగుతూ. విన్నదో లేదో... ఎప్పుడూ ఎత్తలేదు ఆ మాట. నేనూ...

మంచు దిగుతోంది. నీ బండి లైట్లు వెలుగుతాయా?