ఆకు గుర్తు

ఒంట్లో బరువు కరిగిపోయి మనుషులు గాల్లోకి తేలిపోయే ఊరది. బూటు అడుగున సీసం బిళ్ళలు కుట్టించుకుంటేనే నేల మీద నిలుస్తారు. బూట్లు కుట్టే తాత కొట్లో బల్లకి అటు తాత, ఇటు పన్నెండేళ్ళ పిల్ల.

"కూర్చోమన్నానా? ఆ స్టూలు లాక్కో."

"వద్దులే తాతా, నించుంటా. తమ్ముడి బూట్లు కొంచెం తొందరగా..."

"కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఏంటే ఆ తొందర? వాడేడీ?"

"గుమ్మం బయట. బూట్లు విప్పాం కదా, మెట్ల కమ్మీకి తాడేసి కట్టాను. వాడికి ఆటగా ఉంది."

"వాడికన్నీ ఆటలే. మొన్న రొట్టెల కొట్టాయన కూతురు కూడా ఆటే అనుకుంది."

"చెప్పకు తాతా. పైకి పోతుంటే నేనూ చూశాను."

"సరే, ఆ బల్ల వదులు. ఊగుతోంది, సూది వేలికి దిగుతుంది."

"నేనేం ఊపట్లేదు."

"ఎవరు కుట్టారే ఇది? కుక్కలు చింపిన విస్తరిలా ఉంది!"

"నేనే. కుట్లు ఊడుతున్నాయని నీ దగ్గరికి తెచ్చా. గట్టిగా కుట్టు, చాలు. లోపల చూడక్కర్లేదు."

"చూడకుండా ఎలా కుడతానే? ఇదేంటి... నేను పెట్టింది నాలుగు బిళ్ళలు. ఎనిమిదున్నాయి."

"దొరికాయి."

"దొరకడానికి గులకరాళ్ళా? గని మూసి రెండేళ్ళయింది, ఊళ్ళో చిటికెడు సీసం లేదు. దొంగతనం చేశావా?"

"నేను దొంగనా తాతా?"

"ఉండు, ఆ కళ్ళద్దాలిటివ్వు. నేను చేసిన ప్రతి బిళ్ళ మీదా మనిషికో గుర్తు చెక్కుతాను. మీ తమ్ముడిది చుక్క. ఇదేమో... ఆకు. ఆకు నీ గుర్తు కదే?"

"ఏమో."

"నీ బూట్లు చూపించు."

"బాగానే ఉన్నాయి."

"చూపించమన్నానా... ఓరి దేవుడా, మడమలు నేలకి ఆనట్లేదేంటే!"

"అరవకు! వాడు వింటాడు."

"ఇంతదూరం ఎలా వచ్చావే?"

"వాడి భుజం పట్టుకుని. వాణ్ణి కట్టేశాక గోడ పట్టుకుని."

"నీకేమన్నా పిచ్చా?"

"పొద్దున లేచి చూస్తే వాడు బూట్లతో సహా పైకప్పుకి ఆనుకుని నిద్రపోతున్నాడు తాతా! ఏం చెయ్యమంటావు? మా అమ్మలా నా దారి నేను చూసుకోమంటావా? సంతకని చెప్పి, మమ్మల్ని గాలికొదిలేసి పోయింది. నేను వదల్ను."

"మీ అమ్మనేమీ అనకు."

"అంటాను! నీకేం తెలుసు?"

"ఈ ఆకు కింద ఇంకో గుర్తుంది. నేనే సుత్తితో కొట్టి చెరిపాను. వేలితో తడుము."

"నెలవంకలా ఉంది. ఎవరిది?"

"ముందు నన్ను ఆ తలుపు వెయ్యనీ."

"వద్దు, తలుపేస్తే వాడు బెదిరిపోతాడు. నువ్వు బూట్లు కుట్టు తాతా. కుట్టేదాకా ఈ బల్ల పట్టుకుంటాను. ఎవరిదో చెప్పు."

"మీ అమ్మది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నీ బూట్లు కుడుతున్నంతసేపూ ఈ బల్ల ఆ కొసే పట్టుకుని, 'కుట్టేదాకా పట్టుకుంటాను బాబాయ్' అంది. ఆఖరి ముడేసి తలెత్తేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు తల్లీ. తలుపు బార్లా తెరిచుంది."