ఎండకేసిన విమానం కోట్లు

హలో… ఆ, నేనే రావు సాబ్. మంగీలాల్‌ని… పినపాక మంగీలాల్‌ని. లేహ్‌ల మీరు విమానం ఎక్కేముందు కోటు తొడిగేటోణ్ణి…

హమ్మయ్య, గుర్తుపట్టిండ్రు.

బాగనే ఉన్న… మీరు, మేడం?… మంచిది, మంచిది.

ఏం లేదు సాబ్, మా పక్కింటి నాగక్క ఊరంతా చెప్తాందట— “మంగీలాల్ ఇంట్ల బయటోళ్లు దిగిండ్రు. మిలిట్రీ బట్టలేసుకొని వాకిట్ల కుర్సీలల్ల కూసున్నరు. పలకరిస్తె పలకరు, మంచినీళ్లన్న అడగరు” అని…

మనుషులు కాదు సాబ్, కోట్లు! పైలట్ల చలికోట్లు. వానలు పోయినంక బూజు పట్టకుండ ఎండకేస్త. దండెం మీదేస్తె తోలు సాగుతది. అందుకని కుర్సీలకు తొడిగి జిప్పులు పెట్టిన… ఆ, నవ్వుండ్రి, నవ్వుండ్రి!

మీరిచ్చింది ఒక్కటే గదా అంటరా?… ఆ, అది మీరు పోయేటప్పుడు ఇచ్చింది. దాంతోనే మొదలాయె నా పిచ్చి. పట్నం పోయి జుమ్మెరాత్ బజార్ల పాతబట్టల కుప్పలన్నీ దేవులాడిన. తెల్లోళ్ల కాలపు గొర్రెతోలుది ఉన్నది. రష్యాది ఉన్నది, లోపలంత బొచ్చు…

ఏసుకుంటనా? ఈ బొగ్గుబాయిల కాడి ఎండకా! పానం పోతది.

ద్వాలినా?… నా ఇంటిది పోయింది సాబ్. నిరుడు… జరమొచ్చి… లేదు, ఎవరికీ చెప్పలే.

ఎలుగుబంట్లను తెచ్చి ఇంట్ల కట్టేసిండని తిట్టేది. జేబులల్ల వేపాకు మాత్రం తనే పెట్టేది…

సరే, అసలు సంగతి. నాగక్క మాట పోలీసు క్యాంపు దాంక పోయింది. మొన్న ఇన్‌స్పెక్టర్ జీపేసుకొని వచ్చిండు. “ఈ బట్టలు ఎవరికోసం జమ చేస్తానవ్? అడవిల అన్నలకా?” అన్నడు…

భయం కాదా మరి! అందుకే మీరొక్కసారి రావాలె. ఇవి విమానపోళ్లవని మీరు ఒక్క మాటంటె చాలు. మణుగూరు బస్సెక్కుండ్రి, నేనొచ్చి దించుకుంట. నాటుకోడి కోస్త…

ఫోన్‌లనా?… వద్దు సాబ్, ఫోన్‌ల చెప్తె నమ్మడు… నంబరా… నంబరు తెల్వదు.

చిట్టీ గిట్ట ఏమొద్దు. మీరే రావాలె…

మోకాళ్లా? మా ఇంటికి మెట్లే లేవు…

ఆగుండ్రి, పెట్టెయ్యకుండ్రి. బిల్లు కానీయుండ్రి, చేసింది నేనే గద…

కోట్లు పట్కపోతడా అంటె…

లేదు. పట్కపోడు.

మీతోని అబద్ధమెందుకు సాబ్. ఆయన మొన్ననే నమ్మిండు. గోడమీది ఫొటో చూసిండు— మీరు, నేను, ఎనక విమానం. మీ కోటు తొడిగితె అద్దం ముందల అటు తిరిగి ఇటు తిరిగి నవ్విండు. చాయ్ తాగిండు. చానసేపు కూసున్నడు…

మరింక రమ్మనుడు ఎందుకా?

ద్వాలి పోయినంక నా గడప తొక్కింది ఆ పోలీసాయనొక్కడే.