రాజమల్లు పరువు నష్టం కేసు

సిరిసిల్లల వెంకటి చాయ్ హోటల్ ముంగట బల్ల మీద రాజమల్లు కూసున్నడు. లుంగీలు నేసే ఎనిమిది సాంచలకు, అంటే మరమగ్గాలకు, ఆయన ఆసామి.

"కోర్టంటే నాకేం భయం లేదు వెంకటీ. పేపరోడు ఏం రాసిండు? రాజమల్లు లుంగీ ఒక్కసారి ఉతికితే రంగు పోతదని రాసిండు. ముప్పై ఏండ్ల సంది సంపాయించిన పేరాయె. సాంచలు ఆగితే నాతోని పనిచేసేటోళ్ల ఇండ్లల్ల పొయ్యి గూడ ఆగుతది. పరువు నష్టం కేసేసిన. జడ్జి మేడం ఏమన్నదో ఎర్కేనా? 'వాళ్లు రాసింది తప్పే అనుకుందాం, దానితోని నీకేం నష్టమైందో చూపెట్టు' అన్నది. చూపెడ్త మేడం అన్న."

"ఏం చూపెట్టినవే?" చాయ్ వడవోసుకుంట అడిగిండు వెంకటి.

"ముందుగాల మెట్‌పల్లి సేటును తీస్కపోయిన. వార్త సదివి ఆర్డర్ ఆపిండాయన. పేపరు వకీలు 'గింతేనా' అన్నడు. గామాటకు నాకు పట్టుదలొచ్చింది. కోరుట్ల నుంచి దుకాణపోళ్లను తెచ్చిన, జగిత్యాల నుంచి రెండు బస్సులు తెచ్చిన, బుగ్గారం బుగ్గారమంత ఇండ్లకు తాళాలేసి కదిలొచ్చింది. హాల్ల జాగ లేక జడ్జి మేడం కుర్చీ వరండల ఏసుకున్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? వీళ్లంత నీ సుట్టుపక్కలోళ్లే, బయటి సాక్షం కావాలె అన్నడు వకీలు."

"గప్పుడేం చేసినవ్?"

"దుబాయ్‌ల మనోళ్లు ఆ వార్త సదివి నా లుంగీలు కట్టుడు బంద్ వెట్టిన్రు. అక్కడ దండేల మీద ఆరేసే లుంగీలు లేక ఎడారి మొత్తం నీడ లేకుంట పోయింది. ఒంటెలు ఎండకు తాళక ఓడెక్కి బొంబాయిల దిగినయ్. అండ్లకెల్లి ఒకదాన్ని తెచ్చి బోనుల నిలవెట్టిన. నష్టమైందా అని మేడం అడిగితె, మూడుసార్లు తలూపింది. మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకుంట, పేపరోడు మొదటి పేజీల మాఫీ అడగాలెనని తీర్పిచ్చింది."

గోడకు ఆనుకొని నిలవడ్డ దర్జీ నరేందర్ గిలాస కింద వెట్టిండు.

"కేసు కొట్టేసిన్రు గదనే అన్నా. నీ సాక్షులం ముగ్గురమే. నేను, సేటు, నీ కాడ పనిచేసే రాధమ్మ. వార్త సదివినంక రాజమల్లు మీద నమ్మకం తగ్గిందా అని ఒక్కొక్కరినే అడిగిన్రు. రాధమ్మ తగ్గలేదన్నది. సేటు ఆర్డర్ పెంచిన అన్నడు. నేను గూడ తగ్గలేదన్న. వార్త నమ్మినోడే లేకపాయె, ఇగ పోయిన పరువు ఏడున్నదని మేడం అడిగింది."

రాజమల్లు నరేందర్ దిక్కు తిరిగిండు.

"తగ్గిందని ఒక్క మాటంటే అయిపోతుండె గదరా."

"అందామనే బోనెక్కిన. నోరు రాలేదన్నా."

"అప్పీలుకు పోత," అన్నడు రాజమల్లు కండువ దులుపుకొని లేసుకుంట. "నన్ను నమ్మనోణ్ని ఒక్కణ్ని ఎట్లన్న దొరికిచ్చుకుంట."

"నీ మాట నమ్మనోళ్లం గీడ అందరం ఉన్నమే," అన్నడు వెంకటి. "నీ బట్టను నమ్మనోడే దొరకడు."