ముందు చేతులు తియ్యుండ్రి

ఇంత ఎండలో తాండూరు దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. కమిటీ అధ్యక్షులు వెంకటేశం గారికి నమస్కారం. బాలస్వామి భార్య, నాకు చెల్లెలి లాంటి మహేశ్వరికి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె పక్కన కాసేపు కూర్చుని లేచి వచ్చాను.

నా పేరు రెబెక్క. పదో తరగతి చదివాను. వికారాబాద్ కేంద్రంలో పాటలు టైపు చేస్తాను. సభలో మాట్లాడే మనిషిని కాను. చర్చిలో నేను ప్రార్థన చేస్తే వెనక వరుసకు వినబడదు. మరి ఈ కాగితాలు ఎందుకు రాశాను? మూడేళ్లుగా చెప్పాల్సింది ఒకటి చెప్పకుండా ఉన్నాను. బాలస్వామి ఉన్నన్నాళ్లూ, రేపు చెప్పవచ్చులే అనుకున్నాను. పన్నెండు రోజుల కిందట ఆయన గుండె ఆగిపోయింది. ఇక రేపు అనే మాట లేదు. నిన్న మధ్యాహ్నం పెన్ను పట్టుకున్నాను. చూసి చదువుతాను, ఏమనుకోకండి.

బాలస్వామి చుట్టాలు చాలామంది ఉన్నారు. ఆయన రోజూ ఏం పని చేసేవాడో మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఊళ్లలో ముసలమ్మలు కలుపు తీస్తూ, విసుర్రాయి తిప్పుతూ పాడిన పాటలను మన సంస్థ రాసిపెడుతుంది. వికారాబాద్‌లో కొందరం, తాండూరులో కొందరం, కుల్కచర్లలో అంజలి ఒక్కతే. అందరి రాతలూ ఒక్కచోట చేరాలి. అందుకు బాలస్వామి మాకు గిట్ నేర్పాడు. రాసిన ప్రతి మార్పునూ, ఎవరు రాశారో ఏ రోజు రాశారో పేరుతో సహా దాచే పద్ధతి అది. పాటలన్నీ అందరి ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఒక ఉమ్మడి కాపీ ఉంటుంది. కొత్తవి అక్కడికి పంపుతాం, ఇతరులు పంపినవి అక్కడి నుంచి తెచ్చుకుంటాం. నెట్ లేని ఊళ్లో కూడా పని ఆగదని దాన్ని ఎంచుకున్నాడు.

చెప్పడం తేలిక. నేర్చుకోవడం మాకు ఎంత కష్టమైందో! రోజుకు పది ఫోన్లు. సార్, నేను రాసింది పోయింది. సార్, పంపితే తీసుకోవడం లేదు. సార్, ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎవరు ఏ కష్టంతో ఫోన్ చేసినా ఆయన మొదటి మాట ఒకటే. "ముందు చేతులు తియ్యుండ్రి. కీబోర్డు మీదికెల్లి చేతులు తియ్యుండ్రి. ఒక్క నిమిషం ఏం ముట్టకుండ్రి." తర్వాత, "ఇగ చదువుండ్రి, ఏం రాసిందో పైకి చదువుండ్రి" అనేవాడు. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. కొడంగల్ బస్సులో నిలబడి కూడా ఓపికగా వినేవాడు. వెనక కండక్టర్ అరుపులు నాకు వినబడేవి. "అక్కా, అది మిమ్మల్ని తిడుతలేదు. దారి చెప్తుంది. మీరే జర భయపడుతున్నరు" అనేవాడు. ఒక్కసారైనా విసుక్కున్నాడా? నాకు గుర్తు లేదు. మీకెవరికైనా గుర్తుందా?

ఒకసారి ఒకే పాటలో ఒకే చరణాన్ని నేనొక రకంగా, తాండూరు వాళ్లొక రకంగా రాశాం. గిట్ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మధ్యలో గీతలు గీసి ఆగిపోయింది. ఏది ఉంచాలో మీరే చెప్పండి అని దాని భావం. నేను వాళ్ల చరణం చెరిపేసి నాది ఉంచాను. గీతలు పోయాయి. పని అయిపోయిందని సంతోషపడ్డాను. బాలస్వామి చూశాడు. కోప్పడలేదు. "గీతలు పోయినయి గని అక్కా, పంచాయితీ తెగలే" అన్నాడు. మర్నాడు బొంరాస్‌పేట పోయి, ఆ పాట పాడిన ఎంకమ్మ ముందు కూర్చుని రెండూ చదివి వినిపించాడట. ఆమె నవ్విందట. "అది మా తల్లిగారింట్ల పాడేది, గిది అత్తగారింట్ల పాడేది. రెండూ నాయే. నువ్వు ఎవలు సారూ ఒకటి తీసేయనీకి?" అన్నదట. తిరిగొచ్చి రెండు చరణాలూ ఉంచి, కింద ఎంకమ్మ మాట కూడా రాశాడు. తన్ను తిట్టిన మాటను అంత సంబరంగా టైపు చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇక అసలు మాట చెబుతాను.

మూడేళ్ల కిందట తాండూరు వాళ్లు పంపిన నలభై ఒక్క పాటలు పోయాయని మీ అందరికీ తెలుసు. బాలస్వామి పొరపాటు వల్ల పోయాయని కూడా మీకు తెలుసు. కమిటీ ఆయన్ను ఇన్‌చార్జి పనిలోంచి తీసేసింది. అప్పటి నుంచి ఈ హాల్లోనే, అదిగో ఆ కిటికీ పక్క కుర్చీలో, మాలాగే టైపు చేస్తూ కూర్చున్నాడు. గిట్‌లో కూడా ఆ రోజు నమోదు అలాగే ఉంది: నా పొరపాటు వల్ల పాటలు చెరిగాయి, బాలస్వామి.

అయ్యా, అమ్మా, ఆ పొరపాటు బాలస్వామిది కాదు. నాది.

గుడ్ ఫ్రైడే ముందు రోజు అది. సాయంత్రం ఆరాధనకు పోవాలన్న తొందరలో ఉన్నాను. నా పాటలు పంపితే తీసుకోలేదు. ఇతరులు పంపినవి ముందు తెచ్చుకో, తర్వాత పంపు అని చెప్పింది. నేను చదవలేదు. నాకొక నోటుబుక్కు ఉంది. బాలస్వామి చేసి చూపిన ప్రతి కమాండునూ కీర్తనల్లా అందులో రాసుకునేదాన్ని, అర్థం తెలియకపోయినా. ఒక పేజీలో 'పంపకపోతే' అని రాసి దాని కింద ఒక కమాండు ఉంది. అది బలవంతంగా పంపే కమాండు; దానివల్ల చెరిగిన వాటిని ఎవరు చెరిపారో గిట్ నమోదుల్లో పేరు పడదు. ఎప్పుడో ప్రయోగానికి పెట్టుకున్న తన సొంత కాపీ మీద ఆయన వాడుతుంటే పక్కన నిలబడి రాసుకున్నాను. ఎక్కడ వాడకూడదో రాసుకోలేదు. అదే కొట్టాను. వెంటనే వెళ్లింది. దేవునికి స్తోత్రం అనుకుని ల్యాప్‌టాప్ మూసి చర్చికి పోయాను. ఆరు వారాలుగా ఇతరులవి తెచ్చుకోని నా పాత కాపీ ఉమ్మడి కాపీని కప్పేసింది; తాండూరు వాళ్ల ఆరు వారాల పని ఉన్నచోట ఏమీ మిగల్లేదు.

శనివారం తాండూరు వాళ్లు తెరిచి చూసేసరికి అంతా గందరగోళం. మనందరికీ ఉన్న అలవాటే కదా, ఏదైనా చిక్కు వస్తే మొత్తం ఫోల్డర్ చెరిపేసి కొత్తగా తెచ్చుకోవడం. రెండు ల్యాప్‌టాప్‌లలోనూ అదే చేశారు; వికారాబాద్‌లో మా మిగతావాళ్లూ అంతే. పాటలు అక్కడా పోయాయి. ఆ వారం బాలస్వామి మహేశ్వరి కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆయన ల్యాప్‌టాప్ రిపేరులో ఉంది. ఉమ్మడి కాపీని ఆన్‌లైన్‌లో ఉంచే కంపెనీకి రాస్తే జవాబు రాలేదు. మనం పాటలు కాగితం మీద రాయం, ఫోన్ ముందు పెడితే ముసలమ్మలు గొంతెత్తరు. పాడుతుంటే నేరుగా టైపు చేస్తాం. ఇంకెక్కడ దొరుకుతాయి?

ఆయన అంజలికి ఫోన్ చేశాడు. ఆమె వాళ్ల గొర్రెలు ఈనే కాలమని తొమ్మిది రోజులుగా ల్యాప్‌టాప్ తెరవలేదు. "బిడ్డా, మంచి పని చేసినవ్. దాన్ని తెరవకు, ముట్టకు, నేనే వస్త" అన్నాడట. భార్యను వాళ్లక్క దగ్గర విడిచి కుల్కచర్ల బస్సెక్కాడు. ఆ ల్యాప్‌టాప్‌లో ముప్పై ఎనిమిది దొరికాయి. ఆ తొమ్మిది రోజుల్లో చేరిన మూడు దొరకలేదు. రెండింటిని మళ్లీ పోయి పాడించుకొచ్చాడు. మూడోది కొడంగల్ సంతోషమ్మ పాడింది. ఆయన వెళ్లేసరికి ఆమెను మట్టి చేసి నాలుగు రోజులైంది. ఆ పాట ఇంకెవరికీ రాదు.

నాకు ఫోన్ చేసి, "ఏడ్వకుండ్రి అక్కా, మొదలు గురువారం ఏమేం చేసిండ్రో ఒక్కొక్కటి చెప్పుండ్రి" అన్నాడు. నోటుబుక్కు తెరిచి చదివాను. ఆ పేజీ ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత, "తలుపు ఇచ్చిన గని గొళ్లెం పెట్టలే. తప్పు నాదే" అన్నాడు. బలవంతంగా పంపకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉందట, తాను పెట్టలేదట. కమిటీ ముందు కూడా అంతే చెప్పాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నా భర్త అప్పుడు మంచం మీద ఉన్నాడు, ఇంటికి నా పని ఒక్కటే ఆధారం. తలవంచుకుని కూర్చున్నాను. బయటికొచ్చాక ఆయన అన్నది, "నన్నయితే తిడతరు. మిమ్మల్నయితే ఇంటికి పంపిస్తరు. నేర్చుకునుడు మాత్రం ఆపకుండ్రి."

ప్రతి ఆదివారం దేవుని ముందు ఒప్పుకున్నాను. దేవుని ముందు ఒప్పుకోవడానికి ఎవరి ఎదుటా నిలబడనక్కర్లేదు. మహేశ్వరీ, నీ భర్తను మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. దాచి దాచి అలసిపోయానమ్మా.

వెంకటేశం గారూ, ఒక మనవి. పాత నమోదును దిద్దమని నేను అడగను. అందరికీ పంచేసిన దాన్ని వెనక్కి పోయి చెరపకూడదని నేర్పింది ఆయనే. "తప్పును తప్పు లెక్కనే ఉండనియ్యుండ్రి. సరైంది దాని మీద రాయుండ్రి" అనేవాడు. అందుకే ఈ కాగితాలు టైపు చేసి, ఈ ఉదయం నా పేరుతో ఆ నమోదు పైన చేర్చాను. కుదురుగా, ముందు అందరివీ తెచ్చుకుని, చదువుకుని పంపాను. వెంటనే తీసుకుంది. వాటిని అక్కడ ఉంచండి. పత్రికలకు ఇవ్వవద్దు, పుస్తకంలో వేయవద్దు, ఎవరికీ చూపవద్దు. కమిటీ నన్ను ఏం చేసినా నాకు సమ్మతమే. ఆ కుర్చీ మాత్రం ఇన్‌చార్జి బాలస్వామిదని రాయించండి.

ఇప్పుడు అందరూ దయచేసి లేవండి. చేతుల్లోని ఫోన్లు పక్కన పెట్టండి. ఆయన ప్రతిసారీ మననడిగింది ఒక్క నిమిషమే. ఆ నిమిషం ఇవాళ ఆయనకిద్దాం. ఏదీ ముట్టకుండా, చేతులు కదపకుండా, మౌనంగా నిలబడదాం.